శొంఠి, వాము, ఇసబ్గోల్, సునాముఖి: కడుపు కదలికను బట్టి ఏది ఎంచుకోవాలి?

తిరుపతిలో గాంధీ రోడ్డు పక్క సందుల్లో నాటుమందుల అంగడి ముందు పది నిమిషాలు నిలబడితే, వచ్చినవారిలో చాలామంది నోట ఒకటే మాట వినిపిస్తుంది: "గ్యాస్‌కు ఏదైనా ఇవ్వండి." తిన్నది ఛాతీ కిందే నిలిచిపోయినట్టు బాధపడేవారూ ఆ మాటే అంటారు, మూడు రోజులుగా విరేచనం కానివారూ అదే అంటారు, భోజనం ముగియగానే కడుపులో మెలిపెట్టి పరుగెత్తవలసి వచ్చేవారూ అదే అంటారు. ఆ ఒక్క మాటకు ఒకరికి శొంఠి, ఒకరికి వాము, ఒకరికి త్రిఫల చూర్ణం, మరొకరికి సునాముఖి ఆకు పొట్లం చేతికి వస్తుంది. ఈ నాలుగూ కడుపు మీద పనిచేసేవే. అయితే ఒకటి జీర్ణాశయాన్ని తొందరపెడుతుంది, ఒకటి బిగుసుకున్న పేగు కండరాన్ని వదులు చేస్తుంది, ఒకటి పెద్దపేగును మెల్లగా కదిలిస్తుంది, ఒకటి దానిని గట్టిగా రెచ్చగొడుతుంది. కనుక మూలిక పేరుతో మొదలుపెట్టకుండా, కదలిక ఎక్కడ మందగించిందో, ఎక్కడ అతిగా ఉందో ముందు గుర్తించి, ఆ తరువాతే మూలిక దగ్గరకు రావాలని నా గట్టి అభిప్రాయం. నేను వైద్యం చదివినవాణ్ణి కాను. మా ఇంట్లో ఇద్దరు పెద్దలు సరిపడని మూలికను నెలల తరబడి, ఏళ్ల తరబడి వాడిన తరువాత, ఈ విషయాన్ని శ్రద్ధగా తెలుసుకోవలసి వచ్చింది.

జీర్ణాశయానికి తనదైన లయ ఒకటి ఉంది. నిమిషానికి సుమారు 3 సార్లు విద్యుత్ తరంగం పుట్టి కిందివైపు సాగుతుంది, చిన్నపేగు మొదటి భాగంలో అది నిమిషానికి 12 వరకు ఉంటుంది. ఈ లయను పుట్టించే కణాలను స్పెయిన్ శాస్త్రవేత్త కాహాల్ పేరుతో పిలుస్తారు. అన్నం, సంగటి వంటి ఘనాహారం తిన్న 4 గంటలకు అందులో 90 శాతమైనా జీర్ణాశయం దాటి కిందికి దిగిపోవాలి. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు దాదాపు 90 నుంచి 120 నిమిషాలకు ఒకసారి ఒక పెద్ద అల పైనుంచి కిందికి సాగి, మిగిలిన తునకలను ఇల్లు ఊడ్చినట్టు ఊడ్చుకుపోతుంది. గంటకోసారి ఏదో ఒకటి నోట్లో వేసుకునేవారిలో ఈ ఊడ్పుకు అవకాశమే దొరకదు. పెద్దపేగు మాత్రం నిదానస్తురాలు. అక్కడి ప్రయాణానికి ఒక రోజు నుంచి మూడు రోజుల దాకా పట్టవచ్చు, అందులోనూ బలమైన కదలిక వచ్చేది ఉదయం నిద్ర లేచినప్పుడూ, కడుపులో మొదటి ఆహారం పడినప్పుడూ.

కాబట్టి లక్షణాలను ఇలా విడదీసుకోవచ్చు. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం, గంటల తరువాత కూడా తిన్నదాని రుచితో తేన్పులు రావడం, వికారం కలగడం పైభాగం మందగించిన గుర్తులు. మెలికలు తిరిగే నొప్పి వచ్చి, గాలి పోగానే లేదా విరేచనం కాగానే తగ్గిపోతే, అక్కడ కదలిక తక్కువై కాదు, కండరం అదుపు తప్పి బిగుసుకోవడం వల్ల బాధ వచ్చిందని భావించాలి. వారానికి మూడు విరేచనాల కంటే తక్కువ కావడం, గట్టిగా ఉండలుగా రావడం, ముక్కవలసి రావడం పెద్దపేగుకో, మలద్వారం దగ్గరి కండరాలకో సంబంధించినవి.

పైభాగం బరువెక్కినప్పుడు

ఈ చోట శొంఠికి ఉన్నంత ఆధారం మన వంటింటిలోని మరే దినుసుకూ లేదు. 2008లో తైవాన్ పరిశోధకులు 24 మంది ఆరోగ్యవంతులకు 1,200 మిల్లీగ్రాముల శొంఠిని క్యాప్సూళ్లలో ఇచ్చి, గంట తరువాత సూప్ తాగించి, జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని కొలిచారు. ఉత్తుత్తి క్యాప్సూల్ మింగిన రోజున సగం సూప్ దిగడానికి సగటున 26.7 నిమిషాలు పడితే, శొంఠి మింగిన రోజున 13.1 నిమిషాలే పట్టింది. ఆ బృందమే 2011లో అజీర్తితో బాధపడే 11 మందిపై మళ్లీ పరీక్షించినప్పుడు 16.1 నిమిషాలు 12.3కు తగ్గాయి. అయితే ఆ రెండో పరీక్షలో కడుపు త్వరగా ఖాళీ అయినా, రోగులకు కలిగే బాధల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. శొంఠి గురించి గొప్పగా చెప్పేవారు ఈ రెండో సగాన్ని వదిలేస్తుంటారు. కదలిక పెరగడం, బాధ తగ్గడం రెండూ ఎప్పుడూ జంటగా రావు.

అల్లంలోని ఘాటు పదార్థాలు జింజెరాల్‌లు. అల్లం ఎండి శొంఠి అయ్యేటప్పుడు వాటిలో కొంత భాగం షోగాల్‌లుగా మారుతుంది, అందుకే శొంఠి ఘాటు అల్లం ఘాటు కంటే వేరుగా, లోతుగా తగులుతుంది. వికారాన్ని పుట్టించే సెరొటోనిన్ గ్రాహకాల (ఆ రసాయన సంకేతాన్ని అందుకునే కణ భాగాల) మీద కూడా ఇవి పనిచేస్తాయి, గర్భిణుల వేవిళ్లకు అల్లం కొంత ఉపశమనం ఇవ్వడానికి కారణం అదే కావచ్చు. 1,200 మిల్లీగ్రాములు అంటే చిన్న చెంచాలో సగానికి కొంచెం ఎక్కువ పొడి. భోజనానికి అరగంట నుంచి గంట ముందు గోరువెచ్చని నీటితో తీసుకుంటే పరీక్షల్లో చేసిన పద్ధతికి దగ్గరగా ఉంటుంది. అన్నం తిన్నాక, కడుపు ఉబ్బిన తరువాత తాగే శొంఠి కాఫీ హాయిగా ఉండవచ్చు కానీ ఈ పని కోసమైతే ఆలస్యమైనట్టే. ఛాతీలో మంట ఉన్నవారికి శొంఠి ఆ మంటను పెంచవచ్చు.

ఇక వాము, సోంపు, పుదీనా, ఇంగువ వేరొక వర్గానికి చెందినవి. వీటి పని తొయ్యడం కాదు, వదులు చేయడం. కండర కణాల్లోకి కాల్షియం ప్రవేశించినప్పుడే కండరం బిగుస్తుంది. పెప్పర్‌మింట్ నూనెలోని మెంథాల్ ఆ దారిని అడ్డుకుంటుంది. వాము సారం కుందేలు పేగు ముక్కల మీద చేసిన ప్రయోగాల్లో ఇలాగే ప్రవర్తించింది. పసిపిల్లల కడుపునొప్పికి మన అమ్మమ్మలు వాము నీళ్లు పట్టడం వెనుక ఉన్న అనుభవం సరైనదే. మెలిపెట్టే నొప్పికి వదులు చేసేది కావాలి. కానీ పైనే ఆహారం నిలిచిపోయినవారికి వదులు చేసేదాని వల్ల ఒరిగేది ఏమీ ఉండదు.

ఇది మాకు తెలిసిన తీరు చెబుతాను. చిత్తూరు దగ్గర పల్లెలో ఉండే మా నాన్నగారికి చాలా ఏళ్లుగా మధుమేహం. రాత్రి తొమ్మిదికి రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి తిని పడుకుంటే, తెల్లవారి ఆరు గంటలకు తేన్పులో ఊరిబిండి వాసన వచ్చేది. "అరగలేదు, వాము కషాయం పెట్టండి" అని పెద్దలందరూ చెప్పారు. అమ్మ గుప్పెడు వాము దోరగా వేయించి, జీలకర్ర చేర్చి, గ్లాసు నీళ్లు సగానికి దిగేదాకా మరగబెట్టి, నాలుగు నెలల పాటు ప్రతి రాత్రీ భోజనం కాగానే ఆయనకు ఇచ్చింది. చివరికి ఒక ఉదయం వాంతిలో ముందురోజు రాత్రి తిన్న సంగటి తునకలు కనిపించాయి. రాత్రంతా ఉపవాసం ఉంచి లోపలికి గొట్టం వేసి చూసిన వైద్యులకు జీర్ణాశయంలో ఇంకా ఆహారం కనిపించింది. దీర్ఘకాల మధుమేహం జీర్ణాశయాన్ని నడిపే నరాన్ని దెబ్బతీయడం వల్ల కడుపు ఖాళీ కావడం మందగించిందని వారు చెప్పారు. వాము వల్లే హాని జరిగిందని నేను అనను. కానీ ఆ కషాయం మమ్మల్ని నాలుగు నెలలు నిశ్చింతగా ఉంచింది, నష్టం అక్కడ జరిగింది. తరువాత ఆయనకు మేలు చేసినవాటిలో మొదటిది చక్కెర అదుపు, రెండోది ఒకే పెద్ద భోజనాన్ని చిన్నవిగా నాలుగు చేయడం, మూడోది రాత్రిపూట నూనె, చెనిక్కాయలు తగ్గించడం. కొవ్వూ పీచూ రెండూ కడుపు ఖాళీ కావడాన్ని నెమ్మదిపరుస్తాయి. శొంఠి వీటన్నిటి తరువాత వస్తుంది. భోజనానికి ముందు తీసుకుంటే వికారం కొంత తక్కువగా ఉంటోందని ఆయనే చెబుతున్నారు.

పుదీనా విషయంలో ఒక జాగ్రత్త అవసరం. పేగు కండరాలు పదేపదే బిగుసుకుని నొప్పి పెట్టే ఐ.బి.ఎస్. జబ్బుకు పెప్పర్‌మింట్ నూనె క్యాప్సూళ్లను అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2021 మార్గదర్శకాల్లో సూచించింది. కానీ మనం పచ్చడి చేసుకునే పుదీనా చాలావరకు వేరే జాతి, దాని వాసనలో ప్రధానమైనది కార్వోన్ అనే పదార్థం, మెంథాల్ అందులో అతి తక్కువ. కాబట్టి ఆ పరీక్షల ఫలితాన్ని పుదీనా పచ్చడికి ఆపాదించకూడదు. పైగా ఆ క్యాప్సూళ్లకు జీర్ణాశయంలో కరగని పూత ఉంటుంది. పూత లేని నూనె అయితే అన్నవాహిక చివర ఉండే బిగువు కండరాన్ని కూడా వదులు చేసి ఛాతీ మంటను తెస్తుంది.

మన పూర్వులు ఈ తేడాను ఎరగనివారు కారు. శార్ఙ్గధర సంహిత మందులను వాటి పనిని బట్టి విభజిస్తూ కరక్కాయను అనులోమనమనీ (మలాన్ని పక్వం చేసి కిందికి నడిపేది), రేల గుజ్జును స్రంసనమనీ (పక్వం కాకముందే కిందికి జార్చేది), శొంఠినీ జీలకర్రనూ గ్రాహి అనీ (జీర్ణశక్తిని పెంచి అదనపు ద్రవాన్ని ఇంకించేది), కొడిసెపాలను స్తంభనమనీ (కదలికను ఆపి కట్టేది) వేరువేరుగా చెప్పింది. పేరొక్కటే తెలిసి, పని తెలియకుండా మందు వాడే అలవాటు ఆ శాస్త్రానిది కాదు, తరువాత మనకు అబ్బినది.

కిందిభాగం కదలనప్పుడు

మలబద్ధకానికి అంగడిలో దొరికేవాటిలో నాలుగింటిని పోల్చి చూడాలి: ఇసబ్గోల్, త్రిఫల, సునాముఖి, ఆముదం.

ఇసబ్గోల్ పొట్టు పేగును రెచ్చగొట్టదు. నీటిని పీల్చుకుని జిగురుగా ఉబ్బి, మలానికి పరిమాణాన్నీ మెత్తదనాన్నీ ఇస్తుంది, సాగిన పేగు గోడ తనంతట తానే కదులుతుంది. అందుకే ఫలితానికి 12 గంటల నుంచి 3 రోజుల దాకా ఆగాలి. నీళ్లలాంటి విరేచనాలప్పుడు కూడా ఇదే పొట్టు అదనపు నీటిని పట్టి ఉంచగలదు, రెండు వైపులా పనికొచ్చే గుణం ఈ జాబితాలో దీనికి ఉన్నంతగా మరి దేనికీ లేదు. అయితే నీళ్లు లేకపోతే ఇదే అపాయం. ఒక చెంచా పొట్టును పెద్ద గ్లాసు నీటిలో కలిపి వెంటనే తాగి, మీదట మరో గ్లాసు తాగాలి. పొడిగా నోట్లో వేసుకోవడం, పడుకోబోయే ముందు కొద్ది నీటితో మింగడం గొంతులోనో పేగులోనో అడ్డుపడడానికి దారితీస్తాయి. మింగడంలో ఇబ్బంది ఉన్నవారు, మా నాన్నగారిలా జీర్ణాశయం మందగించినవారు దీనిని వాడకూడదు. ఇతర మాత్రలకూ దీనికీ మధ్య రెండు గంటల వ్యవధి ఉండాలి.

త్రిఫల అంటే కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ. వగరు పదార్థాలైన టానిన్లు ఇందులో పుష్కలంగా ఉన్నా, మొత్తం మీద ఇది మెల్లని విరేచనకారిగానే పనిచేస్తుంది. మనుషులపై జరిగిన పరీక్షలు చిన్నవే కనుక, ఇసబ్గోల్‌కు ఉన్నంత బలమైన ఆధారం దీనికి ఉందని చెప్పలేను. కానీ తేలికపాటి మలబద్ధకంతో, పీచు తింటే ఉబ్బరం వచ్చేవారికి, రాత్రి ఒక చెంచా గోరువెచ్చని నీటితో నాలుగైదు వారాలు వాడి చూడడం సమంజసమైన ఎంపికే.

సునాముఖి, అంటే నేలతంగేడు ఆకు, దీనికి పూర్తిగా భిన్నం. ఇందులోని సెన్నోసైడ్లు జీర్ణాశయంలోనూ చిన్నపేగులోనూ ఏమీ చేయకుండా దాటిపోయి, పెద్దపేగులోని సూక్ష్మజీవుల చేతిలో విడివడి, అప్పుడు పేగు గోడను కదిలించడం మొదలుపెడతాయి. రాత్రి తీసుకుంటే 6 నుంచి 12 గంటల తరువాత తెల్లవారి పనిచేయడం ఇందుకే. ఇది పనిచేయని మందు కాదు. 2023లో అమెరికాలోని రెండు జీర్ణకోశ వైద్యుల సంఘాలు కలిసి వెలువరించిన మలబద్ధక మార్గదర్శకాల్లో ఇసబ్గోల్ వంటి పీచుకూ సునాముఖికీ రెండింటికీ షరతులతో కూడిన సిఫారసు దొరికింది. అదే పత్రంలో బలమైన సిఫారసు అందుకున్న వాటిలో ముందుండేది మూలిక కాదు, మందుల అంగడిలో దొరికే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి. మూలికే మేలని ముందుగానే తీర్మానించుకున్నవారు ఈ సంగతిని కూడా తూకంలో వేయాలి.

సునాముఖితో వచ్చే చిక్కు, అది తెలియకుండా కడుపులోకి వెళ్లడం. మా మేనత్త ఆరేళ్ల పాటు ప్రతి రాత్రీ ఒక రెడీమేడ్ చూర్ణం వాడింది. డబ్బా మీద కరక్కాయ, ఉసిరికాయ బొమ్మలు ఉండేవి, అది త్రిఫలే అని ఆమె నమ్మకం. మొదట అరచెంచా, తరువాత ఒకటి, చివరికి రెండు చెంచాలు. వేరే కారణంతో పెద్దపేగు లోపల పరీక్ష చేసినప్పుడు గోడ అంతా చిరుతపులి చర్మంలా నల్లగా మచ్చలు కనిపించడంతో, "సునాముఖి వాడుతున్నారా?" అని వైద్యురాలు అడిగారు. అత్త లేదంది. ఆ సాయంత్రం డబ్బాను కిటికీ దగ్గరకు తీసుకువెళ్లి, వెనుక వైపు చీమకాళ్లంత అక్షరాల్లో ఉన్న పట్టికను కళ్లద్దాలు పెట్టుకుని చదివితే, అందులో మొదటి పేరే సునాముఖి. ఆ నలుపు సాధారణంగా హాని చేయదనీ, మందు మానిన కొన్ని నెలలకు మెల్లగా పోతుందనీ వైద్యురాలు ధైర్యం చెప్పారు. సునాముఖి వాడితే పేగు శాశ్వతంగా చచ్చుబడుతుందన్న భయానికి కూడా గట్టి ఆధారాలు లేవు. అసలు ఆపద వేరే చోట ఉంది: మోతాదు పెరిగేకొద్దీ ఒంట్లో పొటాషియం తగ్గుతుంది, గుండె జబ్బుకు డిగాక్సిన్ గానీ, ఒంటి నీరు తగ్గించే మాత్రలు గానీ వాడేవారికి అది ప్రమాదకరం. అత్తకు రక్తపోటుకు ఆ నీటి మాత్రే నడుస్తోంది.

పంచసకార చూర్ణం పేరు చూడండి. 'స', 'శ' అక్షరాలతో మొదలయ్యే అయిదు దినుసులని దాని అర్థం: శొంఠి, శివ అనే కరక్కాయ, శతపుష్ప అని వ్యవహరించే సోంపు, సైంధవ లవణం, సునాముఖి. అయిదోదే అసలు విరేచనకారి. సోంపును ఉద్దేశపూర్వకంగానే చేర్చారు, సునాముఖి తెచ్చే మెలికనొప్పిని అది తగ్గిస్తుంది. కూర్పు తెలివైనదే, కానీ రోజూ వాడడానికి ఉద్దేశించింది కాదు. సునాముఖిని తప్పక వాడవలసి వస్తే, విడి ఆకు కంటే సెన్నోసైడ్ల మోతాదు మిల్లీగ్రాముల్లో ముద్రించిన మాత్ర మేలని నేను భావిస్తాను, ఎందుకంటే ఆకులో సారం ఎంత ఉందో కంటితో చూసి చెప్పలేం. కొద్ది రోజుల అవసరానికే దానిని పరిమితం చేయాలి.

ఆముదం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. అందులోని రిసినోలిక్ ఆమ్లం ప్రోస్టాగ్లాండిన్ గ్రాహకాల ద్వారా పేగునూ గర్భాశయాన్నీ రెండింటినీ సంకోచింపజేస్తుందని 2012లో జర్మనీ పరిశోధకులు చూపించారు. 2 నుంచి 6 గంటల్లో తీవ్రంగా పనిచేస్తుంది. గర్భిణులు ముట్టకూడదు. నెలకోసారి పిల్లలకు ఆముదం పట్టించి కడుపు కడిగే పాత అలవాటును ఇప్పుడు కొనసాగించడానికి కారణమేమీ లేదు. కలబంద ఆకును కోసినప్పుడు కారే పసుపు రసాన్ని ఎండబెట్టిన ముసాంబరం కూడా ఈ తీవ్రమైన వర్గంలోదే. భద్రతకు తగిన సమాచారం లేదంటూ 2002లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానిని చీటీ లేకుండా అమ్మే విరేచనకారుల నుంచి తొలగించింది.

అతిగా కదిలినప్పుడు

కపిలతీర్థం వంటి శివాలయాల్లో పూజకు వాడే మారేడు ఇక్కడ ఒక మంచి ఉదాహరణ. సగం పండిన మారేడుకాయ గుజ్జు వగరుగా ఉండి విరేచనాలను కట్టడానికి వాడుకలో ఉంటే, బాగా పండిన పండు విరేచనాన్ని సాఫీ చేయడానికి వాడుకలో ఉంది. ఒకే చెట్టు కాయకు పక్వాన్ని బట్టి రెండు పనులు. ఎండిన మారేడు ముక్కలు కొనేటప్పుడు పచ్చికాయవా పండువా అని అడిగి తీరాలి. దానిమ్మ తొక్క కూడా వగరుతోనే పనిచేస్తుంది. కానీ నీళ్ల విరేచనాలు పట్టుకున్నప్పుడు వీటన్నిటి కంటే ముందు కావలసింది ఓ.ఆర్.ఎస్. అది దొరకని చోట లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు తలకొట్టు కొలతతో కలిపి తాగించాలి. రక్తం, జ్వరం ఉంటే కట్టే మందులేవీ ఇవ్వకూడదు.

కొండకు బయలుదేరే ముందు

మా ఇంటికి వచ్చే చుట్టాలు మమ్మల్ని ఎక్కువగా అడిగే సలహా ఇది. ప్రయాణం, నిద్రలేమి, తక్కువ నీళ్లు, వరుసలో గంటల తరబడి ఆపుకోవడం వల్ల తిరుమల యాత్రలో మలబద్ధకం సహజం. ముందురోజు రాత్రి సునాముఖి వేసుకుంటే మరునాడు అలిపిరి మెట్ల మీద, 3,500కు పైగా మెట్లలో ఏ నడుమనో దాని పని మొదలవుతుంది, లేదా దర్శనం కోసం వేచి ఉండే కంపార్ట్‌మెంటులో కూర్చున్న వేళ. కాబట్టి యాత్రకు ముందు రెండు రాత్రులూ అది వద్దు. ఇసబ్గోల్ కూడా నీళ్లు సరిగా దొరకని రోజున కొత్తగా మొదలుపెట్టడం మంచిది కాదు. ఇంటి దగ్గరే వారం ముందు నుంచి అలవాటు చేసుకున్నవారు కొనసాగించవచ్చు. ఉదయం లేవగానే వేడిగా ఏదైనా తాగి, పది నిమిషాలు తీరికగా కూర్చుని, ఆ సహజమైన పొద్దుటి కదలికను వాడుకుని బయలుదేరడం అన్నిటికన్నా నమ్మదగినది. మెట్లెక్కేటప్పుడు వికారం వచ్చేవారు శొంఠి, బెల్లం కలిపిన చిన్న ఉండ దగ్గర ఉంచుకోవచ్చు. నెయ్యి ఓడే పొంగలి కడుపునిండా తిని వెంటనే ఎక్కడం మాత్రం మానుకోవాలి.

మూలిక ఎంచుకోకూడని వేళలు

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, రాత్రి నిద్ర లేపే నొప్పి, 45 ఏళ్లు దాటాక కొత్తగా మారిన విరేచనపు అలవాటు కనిపిస్తే చూర్ణాలు పక్కన పెట్టి జీర్ణకోశ వైద్యులను కలవాలి. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి వంటి చోట్ల ఆ విభాగం ఉంది. కడుపు ఉబ్బి, గాలి కూడా పోక, వాంతులవుతుంటే అది పేగు అడ్డుపడిన లక్షణం కావచ్చు. అప్పుడు విరేచనకారి ఇవ్వడం ప్రాణాపాయం, నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి.

చాలాసార్లు కదలిక మందగించడానికి కారణం మనం మింగే మాత్రలే అయివుంటుంది. ఐరన్ మాత్రలు, కొన్ని రక్తపోటు మాత్రలు, బలమైన నొప్పి మందులు మలబద్ధకం తెస్తాయి. బరువు తగ్గడానికీ మధుమేహానికీ ఈ మధ్య ఎక్కువగా వాడుతున్న సెమాగ్లుటైడ్ వంటి మందులు జీర్ణాశయాన్ని నెమ్మదింపజేస్తాయి. థైరాయిడ్ తగ్గినా ఇదే స్థితి. అప్పుడు మూలిక మార్చడం కంటే ఆ మాత్ర గురించి వైద్యులతో మాట్లాడడం సూటి మార్గం. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవారు శొంఠిని మందు మోతాదులో తీసుకోకూడదు. మిరియాలు, పిప్పళ్లలోని పైపెరిన్ మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ రక్తంలో పెరిగేలా చేస్తుంది, కనుక త్రికటు (శొంఠి, మిరియాలు, పిప్పళ్ల మిశ్రమం) చేరిన చూర్ణాలకు ముందు వారు వైద్యులను అడగాలి. అతిమధురం రక్తపోటును పెంచి పొటాషియాన్ని తగ్గిస్తుంది, సునాముఖితో కలిసి ఒకే డబ్బాలో ఉంటే నష్టం రెండింతలు.

కొనేటప్పుడు

ఏది ఎంచుకున్నా ఒకసారికి ఒక్కటే, ఒకే మోతాదులో, కనీసం రెండు వారాలు వాడి చూడాలి. మూడు కలిపి మొదలుపెడితే మేలు చేసినదేదో, మంట పెట్టినదేదో తెలియదు. మా అత్త ఇప్పుడు పాల లెక్క రాసే పుస్తకంలోనే చివరి పేజీల్లో తేదీ, తీసుకున్నది, విరేచనం అయిందీ లేనిదీ రాస్తోంది. ఆమె చూర్ణం ఒక్కసారిగా మానలేదు. వైద్యురాలు చెప్పినట్టు వారానికి అరచెంచా చొప్పున తగ్గిస్తూ, ఇసబ్గోల్‌నూ నీళ్లనూ పెంచుతూ వచ్చింది.

పొడి రూపంలో కంటే కొమ్ముగా ఉన్న శొంఠి కొనడం మంచిది. పురుగు పట్టకుండా సున్నం పూసిన తెల్లని కొమ్ముల కంటే మట్టిరంగులో ముడతలు పడినవి ఎంచుకుని, ఒకటి విరిచి చూడాలి. విరిగిన చోట సన్నని పీచు కనిపించి, ఘాటు వెంటనే ముక్కుకు తగిలితే అందులో సారం ఉన్నట్టు. వామును అరచేతిలో వేసి నలిపితే గొంతు దాకా వాసన ఎక్కాలి, దుమ్ము వాసన వస్తే పాతది. ఇసబ్గోల్ మాత్రం విడిగా తూచి ఇచ్చేది తీసుకోకుండా, తేమ తగలని మూసిన పొట్లం కొని, తెరిచిన తరువాత బిగువైన మూత ఉన్న సీసాలోకి మార్చి, పొడి చెంచాతోనే తీయాలి. చూర్ణం ఏదైనా సరే, డబ్బు చెల్లించే ముందే డబ్బాను తిప్పి, వెనుక ఉన్న పట్టికను పై నుంచి కింది దాకా చదవండి. అక్షరాలు చిన్నవైతే అంగడిలోని కుర్రవాణ్ణి చదివిపెట్టమని అడగండి, మా అత్త ఇప్పుడు అలాగే అడుగుతోంది.